వేడుక పనికి బాధ్యత లేదా?

చేతికి పని యుండుట మానవునకు గొప్ప భాగ్యము. పొట్టకూటికై చేయు పని యొకటి. మనస్సునకు ఇంపగుటచే చేయు పని మరియొకటి. మొదటిది వృత్తి, రెండవది వేడుక. వృత్తిని గురించి మన పెద్దలు చాల చెప్పిరి. ఏ వృత్తి న్యాయమైనది, ఏది కాదు, ఎంత లాభము తగును, ఎంత తగదు అను చర్చ గ్రంథములందును, రచ్చబండలయందును జరుగుచునే యున్నది. వేడుకపనిని గురించి యట్టి విచారణ అరుదు. "కాలక్షేపానికి చేసుకుంటున్నాడు, ఎవరికి నష్టం?" అని విడిచిపెట్టుదురు. నేనును చాలకాలము అట్లే తలచితిని. ఒక కొయ్యపెట్టె నా తలపును మార్చినది. ఆ వృత్తాంతమును, దానివలన నాకు తోచిన నాలుగు మాటలను చదువరుల ముందుంచుచున్నాను.

నేను పాఠశాలలో లెక్కలు చెప్పి విశ్రాంతి పొందినవాడను. వడ్రంగము నా కులవృత్తి కాదు, జీవనోపాధియు కాదు. బాల్యమున మా యూరి ఆచారిగారి కొట్టములో గంటలకొలది కూర్చుండి చూచుటచే అబ్బిన మోజు మాత్రమే. ఉలి పట్టుకొను విధము, చిత్రిక పట్టునప్పుడు నారపోకడను కనిపెట్టుట, మూలమట్టము ఆనించి చూచుకొనుట ఆయన నేర్పినవే. "కొయ్యకు కోపం తెప్పించకు బాబూ, నువ్వే ఓడిపోతావు" అని ఆయన అనుచుండెడివారు. ఆ మాట నాకు పాఠశాలలోను పనికి వచ్చినది.

కొన్నియేండ్ల క్రిందట అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున నున్న మా అమ్మాయి యింటికి పోయి ఆరునెలలు ఉంటిని. ప్రక్కయింట ఒక వృద్ధుడు కలడు. భార్య గతించినది, పిల్లలు దూరమున నున్నారు. కారు నిలుపు కొట్టమునే ఆయన వడ్రంగి కొట్టముగ మార్చుకొనెను. రంపములు, ఉలులు, తరిమెన, పట్టుబిళ్ళలు గోడనిండ వ్రేలాడుచుండెను. నాకును ఆయనకును భాష అంతంతమాత్రముగనే కలిసినది. చేతులు మాత్రము మొదటిదినముననే కలిసినవి. ఆయనకు సిగారులు త్రాగు అలవాటు కలదు. సిగారనగా మన చుట్టయే. మరికొంత శ్రద్ధతో చుట్టి, కాగితపు పట్టీ తొడిగిన చుట్ట. ఆయన తీరిక సమయమంతయు ఆ అలవాటునకు వలయు కొయ్యసామగ్రి చేయుటయందే గడచుచుండెను. వెలిగించిన సిగారును నిలుపుటకు గాడి తీసిన చిన్న పీటలు, మూడేసి సిగారులు పట్టు జేబుపెట్టెలు, కొన కత్తిరించు సాధనమునకు పిడులు, వెలిగించుకొనుటకు వాడు పలుచని కొయ్యబద్దలు, అన్నిటికంటె ముఖ్యముగ హ్యూమిడార్ అను పెట్టెలు.

హ్యూమిడార్ తేమను నిలుపు పెట్టె. పొగాకు ఎండినచో పెళుసై పొడియగును. తేమ మించినచో బూజు పట్టును. కావున సిగారుల చుట్టు గాలిలో నూటికి 65 మొదలు 72 పాళ్ళ తేమ యుండవలెనని వాడువారి లెక్క. చలికాలమున ఇండ్లను వెచ్చచేసికొను ఆ దేశములో గాలి మిక్కిలి పొడిగ నుండును; అందుచే ఈ పెట్టెకు అచట అంత గిరాకి. బయటి గోడలకు వాల్‌నట్ వంటి గట్టికొయ్య వాడుదురు. లోపలి పలకలు స్పానిష్ సీడార్ అను కొయ్యతో చేయుదురు. పేరునకు స్పానిష్ గాని అది స్పెయిన్ దేశపుది కాదు. సీడార్ అనినను దేవదారువు కాదు. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములందును, కరీబియన్ ద్వీపములందును పెరుగు చెట్టు అది. శాస్త్రజ్ఞులు సెడ్రెలా ఒడొరాటా అందురు. మన వేపచెట్టు కుటుంబమునకే చెందినది. తేమను పీల్చుకొని మెల్లమెల్లగ విడుచుట, పురుగును దరిజేరనీయకుండుట, మంచి వాసన గలిగియుండుట దాని గుణములు.

ఇట్టి పెట్టె చేయుట సులభము కాదు. లోపలి కొయ్యకు వార్నిష్ పూయరాదు. పూసినచో తేమను పీల్చదు. లోపలి పలకలను అంతటను జిగురుతో బిగింపరాదు. తేమకు కొయ్య ఉబ్బును గనుక కదలుటకు చోటు విడువవలెను. మూలలను పళ్ళు పళ్ళుగ కోసి ఒకదానిలో ఒకటి దిగునట్లు కూర్పవలెను. మూత వేసినప్పుడు గాలి వెంటనే పోవుటకు దారి లేక, మూత తనంత తాను నెమ్మదిగ దిగవలెను. తేమ కొలుచు ముల్లు సరిగ చూపుచున్నదో లేదో తెలియుటకు ఒక చక్కని ఉపాయము కలదు. చిన్న మూతలో వంటయుప్పు పోసి కొంచెము నీటితో తడిపి, ఆ ముల్లుతోకూడ సంచిలో గట్టిగ మూసి కొన్ని గంటలుంచినచో అది 75 చూపవలెను. ఉప్పునకు గల యీ ధర్మము ఎక్కడనైనను ఒక్కటియే. లెక్కల మాస్టరునగు నాకు ఆ సంగతి ఎంత ఆనందము కలిగించెనో చెప్పజాలను.

మేమిరువురము కలిసి రెండునెలలు శ్రమించి ఒక పెట్టె చేసితిమి. మూత తొలిసారి సవ్వడి లేక దిగినప్పుడు ఆ వృద్ధుడు నా భుజముపై చేయివేసి చాలసేపు మాటాడకుండెను. అది ఆయన బల్లమీద నిలిచినది. చూచిన మిత్రులు మెచ్చుకొనిరి. ఒకరు తమకును అట్టిది కావలెనని కోరిరి. రెండవపెట్టెను నేనొక్కడనే చేసెదనని మాట యిచ్చితిని. డబ్బు కొరకు కాదు. కొయ్య వెల మాత్రమే పుచ్చుకొందును, చేతిపని కానుక అని గర్వముగ చెప్పితిని.

పెట్టె తయారైన పిదప దానిని వెంటనే వాడరాదు. లోపలి కొయ్యకు ముందుగ తేమ పట్టింపవలెను. శుద్ధజలమును చిన్న గిన్నెలో పోసి, మూతవేసి, కొన్నిదినములు కదలింపక యుంచవలెను. ప్రక్కయింటి కొట్టము చలిగ నుండుటచే రెండవపెట్టెను మా అమ్మాయి యింటిలో ఒక మూలనుంచ దలచితిని. మా అమ్మాయి దంతవైద్యురాలు; విశాఖపట్టణమున చదివినది. పెట్టెను చూచి పనిని మెచ్చుకొన్నది. కొంతసేపటికి, "నాన్నగారూ, ఏమీ అనుకోకండి. దీన్ని ఈ ఇంట్లో మాత్రం పెట్టకండి" అన్నది.

నేను ఆశ్చర్యపడి కారణమడిగితిని. "తాతగారు ఎలా పోయారో మీరే కదా నాకు చెప్పారు" అన్నది. అంతకుమించి ఆమె ఒక్కమాటయు అనలేదు.

మా తండ్రిగారు గోదావరి లంక పొగాకు చుట్టలు త్రాగెడివారు. వరద తీసిన లంకలలో ఒండ్రునేలపై పెరిగిన ఆ యాకు ఘాటునకు పేరెన్నికగన్నది. ఆయన స్వహస్తములతో చుట్టుకొని, టేకు పెట్టెలో వరుసగ పేర్చుకొనెడివారు. ఆ పెట్టె మా ఆచారిగారు చేసి యిచ్చినదే. అరువదేండ్లు దాటకమునుపే ఆయన కంఠమున పుండు లేచినది. తుదకు నీరైనను మింగలేక, ఏడుమాసములు మంచమున నుండి, కాలధర్మము నొందిరి. అవసానకాలమున మాట పోయినది. ఏదైన కావలసినచో ఆ టేకు పెట్టెపైననే వ్రేలితో తట్టి పిలిచెడివారు. ఆ పెట్టె నేటికిని మా యింట నున్నది. నేను దానిలో ఉలులుంచుకొందును. ఇన్నియేండ్లు ఆ పెట్టెను ముట్టుచునే యుండి, ఈ పెట్టెను చేయునప్పుడు దానిని తలచుకొనకపోవుట యెట్లు సంభవించెను? పనియందలి ఆనందము నా కన్నులకు గంతలు కట్టినదని ఒప్పుకొనక తప్పదు.

మా అమ్మాయి చదువుకొను దినములలో ఉత్తరాంధ్ర తీరగ్రామముల నుండి ఆసుపత్రికి వచ్చు స్త్రీలను చూచెడిది. అచట అడ్డపొగ యను అలవాటు కలదు. చుట్టను వెలిగించి, నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పీల్చుదురు. ఆ వేడికిని పొగకును అంగిలి మచ్చలు పడి, పుండ్లై, కొందరికి రాచపుండుగ మారును. 1971లో ప్రకటితమైన ఒక పరిశోధనలో ఆంధ్రప్రదేశమున 10,169 మంది గ్రామీణులను పరీక్షించి ఈ అంగిటి వికారములను వివరించిరి. ఆ వ్యాసమును ఆమె విద్యార్థినిగ చదివినది. అందు వర్ణింపబడిన అంగిళ్ళను తన కన్నులతో చూచినది. అట్టి యామె తన యింట ఆ పెట్టె నుంచుటకు సమ్మతింపకపోవుటలో వింత యేమున్నది?

ఒకవైపు వారి వాదము

నేను ప్రక్కయింటి వృద్ధునికి ఈ సంగతి చెప్పితిని. ఆయన కోపగింపలేదు. నిదానముగ తన పక్షము చెప్పెను. ఆ వాదము తేలికగ త్రోసివేయదగినది కాదు గనుక యథాతథముగ వ్రాయుచున్నాను.

"పెట్టె లేకున్నా నేను త్రాగుతాను. పెట్టె నాకు అలవాటు నేర్పలేదు. నా వయస్సు డెబ్బయి దాటింది. నా యింట్లో, నా పెరట్లో, వారానికి మూడుసార్లు త్రాగుతాను. ఎవరి ముఖం మీదా పొగ వదలను. పొగను గుండెల్లోకి పీల్చను కూడా. మధుమేహం ఉన్నవాడికి మిఠాయి డబ్బా చేసి ఇవ్వనంటారా? కత్తి చేసే కమ్మరి, ఆ కత్తితో జరిగే ప్రతి హత్యకూ బాధ్యుడా?"

ఇందు మొదటి అంశము, పొగను లోనికి పీల్చననుట. దీనికి వైద్యులే బదులు చెప్పిరి. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998లో సిగారులను గురించి ప్రత్యేకముగ ఒక గ్రంథము ప్రకటించెను. సిగారు పొగ క్షారగుణము కలది గనుక, ఊపిరితిత్తులకు పోకున్నను నోటి పొరలగుండనే నికొటిన్ రక్తమున కలియునని, నోటికిని, స్వరపేటికకును, అన్నవాహికకును రాచపుండు భయము కలదని అందు వివరించిరి. ఒక పెద్ద సిగారులో ఒక పెట్టె సిగరెట్లంత పొగాకు ఉండవచ్చును. మా తండ్రిగారును పొగను లోనికి పీల్చెడివారు కారు.

రెండవ అంశము కత్తి. ఇది చాల పాతవాదము. కత్తి కూర తరుగును, తాడు కోయును, శస్త్రవైద్యుని చేత ప్రాణము నిలుపును. పలుప్రయోజనములు గల వస్తువునకు వాడువాడే ప్రధానముగ బాధ్యుడను మాట న్యాయమే. ఒక్కటే ప్రయోజనము గల వస్తువు సంగతి వేరు. హ్యూమిడార్ చేయునప్పుడు దాని ప్రతికొలతయు పొగాకు కొరకే. మూత బిగువు, పలకల మందము, కొయ్య జాతి, తేమ లెక్క ఇవన్నియు పొగాకు చెడకుండ, రుచి తగ్గకుండ, త్రాగువాని సుఖము పెరుగునట్లు ఎన్నుకొన్నవి. అట్టి పనిలో "వాడుక నా చేతిలో లేదు" అని చెప్పుట ఆత్మవంచన యగును. వాడుకను గుర్తుంచుకొనియే గదా నేను ప్రతిపలకను చిత్రిక పట్టితిని!

మూడవ అంశము, పెట్టె లేకున్నను త్రాగుదుననుట. ఇది నిజమే. నా పెట్టె ఆయనచే అధికముగ ఒక్క సిగారైనను త్రాగింపకపోవచ్చును. కాని అందమైన పెట్టె మరియొక పని చేయును. అది వ్యసనమునకు గౌరవము కలిగించును. బల్లమీద మెరయుచున్న ఆ పెట్టెను చూచియే గదా రెండవ మిత్రుడు తనకును కావలెననెను! గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున గిరీశము చుట్ట త్రాగుట యొక దర్జాగ చూపి, శిష్యుడగు వెంకటేశమునకును అలవాటు చేయును. మనము నవ్వుకొందుము, కాని వ్యసనము ఒకరినుండి యొకరికి పోవు మార్గము సరిగ్గ అదియే. అది బాధయను రూపమున రాదు, దర్జాయను రూపమున వచ్చును. మన పార్లమెంటు 2003లో చేసిన చట్టమున పొగాకు ప్రకటనలను నిషేధించుటకు కారణమును ఇదియే. ప్రకటన ఎవరి నోటను బలవంతముగ చుట్ట పెట్టదు. దానిని కోరదగినదిగ చూపును, అంతే. నా పెట్టె నోరులేని ప్రకటన యైనది.

ఒక వస్తువునకును మరియొక వస్తువునకును తారతమ్యము లేకపోలేదు. బూడిదగిన్నె ఇల్లు అంటుకొనకుండ కాపాడును. సిగారు నిలుపు పీట బల్లను కాల్పనీయదు. ఇవి కీడును కొంత అదుపున నుంచునవి. తేమపెట్టె అట్టిది కాదు. అది ఆ సుఖమునకు సింహాసనము. కావున అన్నిటిని ఒకే కట్టున కట్టి నిందింపను. ఏది హాని తగ్గించును, ఏది హానిని అలంకరించును అని విడదీసి చూచుకొనవలెను.

ఆకలికి ఒక న్యాయము

ఇచట చదువరులు అడుగవచ్చును: "అట్లైనచో పొగాకు పండించు రైతు, బీడీలు చుట్టు స్త్రీ, వీరందరు పాపులా?" ఈ ప్రశ్న నన్నును బాధించినది.

గుంటూరు, ప్రకాశము జిల్లాలయందును, గోదావరి తీరమునను వేలకుటుంబములు పొగాకుపంటను నమ్ముకొని యున్నవి. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతములలో స్త్రీలు ఉదయము మొదలు చీకటి పడువరకు తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుచున్నారు. వారి నడుములు వంగిపోవుచున్నవి. పొగాకు పొడి వారి ఊపిరికి తగులుచున్నది. వారు ఆ పనిని వేడుకకు ఎన్నుకొనలేదు. పిల్లల చదువు, ఇంటి అద్దె, ముసలివారి మందు ఆ వేయిబీడీల కూలిపై ఆధారపడి యున్నవి. వేరుదారి చూపకుండ వారిని నిందించుట క్రూరత్వము. వారి బరువు వారిది మాత్రమే కాదు. ఆ పని తప్ప మరియొకటి దొరకనీయని సంఘమునది కూడ.

నా సంగతి అట్టిది కాదు. నాకు పింఛను వచ్చుచున్నది. ఆ పెట్టె చేయకున్న నా యింట పొయ్యి ఆరదు. నన్ను ఎవరును ఆజ్ఞాపింపలేదు. ఏ వస్తువు చేయుటకైనను నాకు స్వేచ్ఛ కలదు. ఊయల చేయవచ్చును, పుస్తకపీట చేయవచ్చును, ఏమియు చేయక కూర్చుండవచ్చును. ఇన్నింటి నడుమ నేను దానినే యెన్నుకొంటిని. కావున ఆకలిగొన్నవానికి గల సాకు నాకు లేదు. లోకము సాధారణముగ వృత్తిని కఠినముగను, వేడుకను మెత్తగను విచారించును. విచారింపగ నాకు తోచినది దీనికి తలక్రిందు. నిర్బంధము తగ్గినకొలది బాధ్యత పెరుగును. వేడుకకు చేయు పని సంపూర్ణముగ మన యిచ్ఛనుండి పుట్టినది గనుక, దాని మంచిచెడ్డలు సంపూర్ణముగ మనవి.

మరియొక చిన్న విషయము. ఆ సువాసనగల కొయ్యనిచ్చు చెట్టును విచ్చలవిడిగ నరికినందున, 2020 నుండి దాని అంతర్జాతీయ వ్యాపారము అనుమతిపత్రములకు లోబడినది. వేడుకకై వాడు కొయ్య ఎచటినుండి వచ్చుచున్నదో విచారించుటయు ఆ బాధ్యతలోనిదే.

కాయకము మాట

బసవేశ్వరుని కాలపు శరణులు పనిని కాయకమనిరి. పని యెంత చిన్నదైనను శ్రద్ధతో చేసినచో అది పూజ యని మనము తరచు చెప్పుకొందుము. ఆ మాటలో సగమును పట్టుకొని నేను పొరపడితిని. శ్రద్ధ యుండినచో చాలునని తలచితిని. నా పెట్టెలో శ్రద్ధకు లోటులేదు. మూలలో వెండ్రుక దూరుటకు సందులేదు. కాని ఆయ్దక్కి లక్కమ్మ కథను తలచుకొనుడు. ఆమె భర్త మారయ్య నేలపై రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట కాయకముగ గలవాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినందున, ఆ అధికమును తిరిగి పోసి రమ్మని లక్కమ్మ పంపినది. మారయ్య శ్రమలో లోపము లేదు. గింజలు దొంగిలించినవి కావు. అయినను ఆమె ఆ పని యెందులకు, ఎవరికి, ఎంతవరకు అని అడిగినది. పనితనపు శుద్ధి యొకటి, పని చేరు చోటి శుద్ధి మరియొకటి. మొదటిది చేతికి తెలియును. రెండవదానిని తెలిసికొనుటకు ఆగి ప్రశ్నించుకొనవలెను. లేదా ప్రశ్నించు లక్కమ్మ యొకతె యింటిలో నుండవలెను. నా యింట ఆ పని మా అమ్మాయి చేసినది.

అయితే శరణుల గోష్ఠిలో హెండద మారయ్యయు కలడు. కల్లు అమ్ముట ఆతని కాయకముగ చెప్పుదురు. అట్టివానిని గూడ వారు వెలుపల నిలుపలేదు. ఇది నాకు రెండవ హెచ్చరిక. పనిని విచారింపవచ్చును గాని మనిషికి తలుపు మూయరాదు. ఒక పెట్టె చేయనని చెప్పినంతమాత్రమున నేను ప్రక్కయింటి వృద్ధునికంటె పవిత్రుడను కాను. నిరాకరించుటలోను ఒక రుచి యున్నది. "నేను చేయను" అని చెప్పునప్పుడు లోలోపల కలుగు పొంగు కూడ ఒక మత్తే. పొగ మత్తును నిందించుచు ఆ మత్తులో మునుగుట తగదు. ఆయన యొంటరితనములో ఆ కొట్టమును, ఆ కొయ్యపనియును ఎంత దిక్కుగ నున్నవో నేను కన్నులార చూచినవాడను. ఆయన నాతో పంచుకొన్నది పొగ కాదు, పని. ఆ ఋణము నాపై నున్నది.

తరువాత జరిగినది

రెండవపెట్టెను ఆ మిత్రునికి ఇయ్యలేనని చెప్పితిని. ఇచ్చిన మాట తప్పుట నాకు బాధ కలిగించినది. మాట ఇచ్చుటకు ముందే విచారింపవలసినది. విచారింపకుండ మాట యిచ్చి, పిదప ధర్మము గుర్తునకు వచ్చెననుట గొప్ప కాదు. పుచ్చుకొన్న కొయ్య వెలను తిరిగి యిచ్చి క్షమింపుమంటిని. ఆయన మౌనముగ పుచ్చుకొనెను. ప్రక్కయింటి వృద్ధుడు రెండుదినములు నన్ను పిలువలేదు. మూడవదినమున కొట్టము తలుపు తెరచి, "మీ నాన్నగారి కోసమా, నా కోసమా, మీరు వద్దన్నది?" అని అడిగెను. నేను కొంచెము ఆలోచించి, "నా చేతుల కోసం" అంటిని. ఆయన తలయూపి, తరిమెన ముందు నుంచి లేచి నాకు చోటిచ్చెను. ఆ మధ్యాహ్నము మేము ఒక పుస్తకపీట మొదలుపెట్టితిమి.

ఆయన సిగారులు మానలేదు. మానుమని నేను ఒకసారి చెప్పితిని, రెండవసారి చెప్పలేదు. మేమిరువురము చేసిన మొదటిపెట్టె ఆయన బల్లమీదనే యున్నది. దానిని తిరిగి పుచ్చుకొనుటకు నాకు హక్కు లేదు. అది నా చేతిపనులలో మిక్కిలి చక్కనిది. నేను చేయకుండ నుండవలసినదియు అదియే. ఈ రెండుమాటలును నిజమే. ఒకదానితో మరియొకదానిని చెరపివేయ ప్రయత్నింపను.

రెండవపెట్టె మా అమ్మాయి యింటనే యున్నది. తేమముల్లును, నీటిగిన్నెను తీసివేసితిని. ఆ కొయ్యకు పురుగు పట్టదు గనుక మా మనుమరాలి ఉన్ని చేతితొడుగులు, మెడపట్టీలు అందులో పెట్టుకొనుచున్నారు. మూత ఎప్పటివలెనే నెమ్మదిగ దిగును. పొగాకు కొరకు పెట్టిన కొలతలన్నియు అందున్నవి. పొగాకు మాత్రము లేదు.

విశ్రాంతి పొందినవారు, ఉద్యోగములలో తీరిక కలవారు నేడు అనేక వేడుకపనులలో ప్రవేశించుచున్నారు. కొందరు కొయ్యపని, కొందరు బొమ్మలు, కొందరు వంట, కొందరు యంత్రములు. ఇది చాల సంతోషింపదగిన విషయము. చేతితో ఒక వస్తువును చేయగలవాడు వేయిమాటలు చెప్పగలవానికంటె తక్కువవాడు కాడు. కాని పని మొదలుపెట్టుటకు ముందు ఒక్కక్షణమాగి, "దీనిని నాచే ఎవరును చేయించుట లేదు గదా; మరి నేనెందులకు చేయుచున్నాను, ఇది ఎవరి చేతికి చేరి యేమి చేయును?" అని తన్నుతాను ప్రశ్నించుకొనుట మేలు. కూలికి చేయువానికి ఆ ప్రశ్న అడుగు తీరికయు, అడిగినను కాదను స్తోమతయు చాలసార్లు ఉండవు. ఆ రెండును గలిగిన వేడుకకాడు అడుగకున్నచో ఇక అడుగువారెవరు? విజ్ఞులగు చదువరులు యోచింతురు గాక.